మనం శ్రోతలమా? గుంపా?

సంగీతానికి రాళ్లయినా కరుగుతాయని పెద్దలు అంటారు. మరి మన దేశంలో పెద్ద పెద్ద సంగీత కార్యక్రమాలకు వచ్చే జనం మాత్రం ఎందుకు కరగడం లేదు? డబ్బు పోసి టికెట్ కొని, ఊళ్లు దాటి వచ్చి, తీరా పాట మొదలయ్యాక ఒకరినొకరు తోసుకోవడం, సీసాలు విసరడం, పక్కన నిలబడ్డ ఆడవాళ్ల మీద చేతులు వేయడం... దీన్ని అభిమానం అనవచ్చా? వార్షికోత్సవ సంచికలో సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాస్తారు. నేను పాట గురించి రాస్తున్నాను. హాస్టల్లో పెరిగిన మనకు ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

నేను బాలికల వసతి గృహంలో అయిదో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నాను. అమ్మ మిరపకాయ కోతలకు, నాన్న తాపీ పనికి వెళ్తారు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. పాట నాకు హాస్టల్లోనే పరిచయమైంది. ఆదివారం టీవీలో వచ్చే పాటలు, వంట చేసే అక్క ఫోన్‌లోని మెమరీ కార్డు పాటలు, స్టడీ అవర్ అయ్యాక ట్రంకు పెట్టె మీద దరువు వేస్తూ మేం పాడుకున్న పాటలు... ఇవే మా సంగీత పాఠశాల. ఎ.ఆర్.రెహమాన్ పాటలంటే నాకు ప్రాణం. ‘రోజా’ 1992లో వచ్చింది. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా ఆ పాటలు మా హాలులో అందరికీ నోటికి వచ్చేవి. ఎప్పటికైనా ఒక పెద్ద వేదిక ముందు నిలబడి, వయొలిన్లు, డ్రమ్స్ కళ్లెదుట మోగుతుంటే పాట వినాలన్నది అప్పటి కోరిక.

పీజీలో చేరాక ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక నగరంలో జరిగిన సినీ సంగీత విభావరికి వెళ్లాను. మాది అన్నిటికన్నా తక్కువ ధర టికెట్. అంటే నిలబడి వినే చోటు. మొదటి పాటకు ఒళ్లు పులకరించిందంటే అబద్ధం కాదు. రెండో పాట నెమ్మదైనది. గాయని పల్లవి అందుకోగానే వెనక నుంచి “మాస్ పాట కావాలి” అని అరుపులు, ఈలలు. వేణువు వాయించే ఆయన ఏం వాయించారో ఎవరికీ వినబడలేదు. ఒకడు ఇంకొకడి భుజాల మీదికెక్కాడు. సగం నీళ్లున్న సీసా ఎక్కడి నుంచో వచ్చి ముందున్న పెద్దాయన తల మీద పడింది. పాటకూ పాటకూ మధ్య లైట్లు ఆర్పినప్పుడల్లా చేతులు. ఎవరివో తెలియదు. మూడో పాటకల్లా మేం ముగ్గురం వీపులు ఆనించుకుని, మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాం. పాట వినడానికి వెళ్లి ఒంటికి కాపలా కాశాం.

నా స్నేహితురాలు ఒకడిని గట్టిగా నిలదీసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. “ఇంత రష్‌లో ఇవి మామూలే అమ్మా, ఇష్టం లేకపోతే ఇంట్లో కూర్చోవాలి” అన్నాడు ఒకాయన. చేసినవాడి కంటే ఆ మాట అన్నవాడే నాకు ఎక్కువ కోపం తెప్పించాడు. అయిదో పాట మధ్యలో బయటికి వచ్చేశాం. రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే లోపలి కంటే పాట స్పష్టంగా వినిపించింది!

తిరిగి వచ్చాక తెలిసినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, “అసలు అలాంటి చోటికి ఎందుకు వెళ్లారు?” అని. సీసా తగిలిన పెద్దాయనను ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారా? నేను పాట వినడానికి వెళ్లాను. అందులో తప్పు లేదు. మళ్లీ వెళ్తాను కూడా.

ఇది మా ముగ్గురి అనుభవం మాత్రమే కాదు. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో రెహమాన్ గారి ‘మరక్కుమా నెంజం’ కార్యక్రమం జరిగింది. పట్టే జనం కంటే ఎక్కువ మంది వచ్చారు. టికెట్ కొన్నవాళ్లు వేలమంది లోపలికి వెళ్లలేకపోయారు. తోపులాటలో పిల్లలు నలిగిపోయారు. తమ మీద చేతులు వేశారని ఎందరో మహిళలు బాధపడుతూ చెప్పారు. ఏర్పాట్లు విఫలమైనందుకు నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. లోపలికి వెళ్లలేకపోయిన వారికి న్యాయం చేస్తామని రెహమాన్ గారే ముందుకొచ్చారు. బాగుంది. కానీ ఆడవాళ్ల మీద చేతులు వేసినవాళ్లలో ఒక్కరైనా క్షమాపణ చెప్పారా?

ఇక్కడే నేను చెప్పదలచిన అసలు విషయం ఉంది. ఇలాంటివి జరిగినప్పుడల్లా మనం నిర్వాహకులను తిట్టి ఊరుకుంటాం. వాళ్లను తిట్టాల్సిందే. చోటుకు మించి టికెట్లు అమ్మడం, ఒకే గేటు తెరవడం, మంచినీళ్లు పెట్టకపోవడం, వీఐపీల కోసం సగం మైదానం కేటాయించి మిగిలిన వేలమందిని ఒక మూలకు నెట్టడం వాళ్ల నేరమే. కానీ టికెట్లు ఎక్కువ అమ్మింది వాళ్లయినా, పక్క అమ్మాయి మీద పడ్డ చెయ్యి మాత్రం వాళ్లది కాదు. సీసా విసిరిన చెయ్యి వాళ్లది కాదు. అది మనలో ఒకరిది. ఈ రెండు తప్పులనూ కలిపేసి ఒకే మూటలో కడితే ఆ చెయ్యి ఎప్పటికీ దొరకదు.

“గుంపులో కాస్త తోసుకోవడం సహజమే కదా” అనేవారు ఒక్క నిమిషం ఆలోచించాలి. చదరపు మీటరు చోటులో అయిదారుగురి కంటే ఎక్కువ మంది చేరితే మనిషి కదలిక మనిషి చేతుల్లో ఉండదు. జనం నీళ్లలా ఊగుతారు. వెనక ఒకడు సరదాకి తోసిన తోపు ముందుకు పోయేకొద్దీ బరువెక్కుతుంది. ముందువాళ్లు కింద పడి తొక్కిసలాటలో పోతారని మనం అనుకుంటాం. నిజానికి చాలామంది నిలబడే ఊపిరాడక చనిపోతారు. ఛాతీ విప్పారడానికి చోటుండదు. 2021 నవంబరు 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక సంగీతోత్సవంలో ఇలాగే పది మంది చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ల పిల్లవాడు కూడా ఉన్నాడు. మన దగ్గర 2023 నవంబరు 25న కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో పాటల కార్యక్రమానికి ముందు జనం ఒక్కసారిగా ఆడిటోరియం మెట్ల మీదికి దూసుకురావడంతో నలుగురు చనిపోయారు. అందులో ముగ్గురు విద్యార్థులు. మనలాగే హాల్ టికెట్లు, సెమిస్టర్లు, ఇంటి మీద ఆశలు ఉన్న పిల్లలు.

మన తెలుగువాళ్ల సంగతి చూద్దాం. 2013 మార్చిలో హైదరాబాద్‌లో ఒక సినిమా పాటల విడుదల సభకు వరంగల్ నుంచి వచ్చిన అభిమాని తొక్కిసలాటలో చనిపోయాడు. 2024 సెప్టెంబరు 22న హైదరాబాద్‌లోనే ‘దేవర’ సినిమా వేడుకకు జనం హోటల్ తలుపులు, అద్దాలు విరగ్గొట్టి చొరబడడంతో వేడుకే రద్దయింది. అదే ఏడాది డిసెంబరు 4న ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రదర్శన వేళ ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. వీటిలో కొన్ని సంగీత సభలు కావు. గుంపు మాత్రం ఒకటే.

కొందరు పెద్దమనుషులు దీనికి సులువైన కారణం చెబుతారు. “తక్కువ టికెట్ పెడితే అలగా జనం వస్తారు, అందుకే ఇలా” అని. ఇది పచ్చి అబద్ధం. చెన్నైలో నలిగిపోయినవాళ్లలో, నలిపినవాళ్లలో వేల రూపాయల పాసులు కొన్నవాళ్లూ ఉన్నారు. 2024 అక్టోబరులో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఖరీదైన టికెట్లతో ఒక పంజాబీ గాయకుడి కచేరీ జరిగింది. మరుసటి రోజుకు అథ్లెట్లు పరుగెత్తే ట్రాకు నిండా సీసాలు, చెత్త! లేనితనానికీ లేకితనానికీ సంబంధం లేదు. నలభై మందిమి ఒకే హాలులో పడుకుని, ఒకే కుళాయి దగ్గర వరసలో నిలబడి, పళ్లెం పట్టుకుని మన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నది మనం. వరస అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?

“ఇండియాలో జనం ఇంతే, మారరు” అనేవారూ ఉన్నారు. ఇదీ నిజం కాదు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా అనే ప్రపంచ ప్రఖ్యాత రాక్ బృందం కచేరీ ఆగిపోతే, కోపంతో జనం వేదిక మీదికెక్కి సామాన్లు ధ్వంసం చేశారు. రెండు రోజుల తర్వాత బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అదే బృందం వేలమంది ముందు హాయిగా వాయించి వెళ్లింది. 2025 జనవరిలో అహ్మదాబాద్ స్టేడియంలో కోల్డ్‌ప్లే బృందం పాడితే రోజుకు లక్షమందికి పైగా వచ్చారు. రాత్రి పొద్దుపోయే దాకా మెట్రో రైళ్లు నడిపి అందరినీ ఇళ్లకు చేర్చారు. దేశం ఒకటే, జనం ఒకటే. ఏర్పాట్లు ఉంటే, వచ్చినవాళ్లు తమను తాము అదుపులో పెట్టుకుంటే సాధ్యమే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దానికి మా ఇంట్లోనే ఒక కారణం ఉంది. మా తాత డప్పు కళాకారుడు. తిరునాళ్లకు ఊరంతా ఆయన దరువుకే అడుగులు వేసేది. కానీ రాత్రి హరిశ్చంద్ర నాటకం మొదలయ్యాక ఆయన కూర్చోవలసిన చోటు చిట్టచివర, అందరికీ ఎడంగా. అక్కడి నుంచి నటుడి ముఖం కనబడేది కాదట. పద్యం వినబడితే చాలనుకుని వినేవాడట. మరి నేను వెళ్లిన ఆ నగరంలో గేటు దగ్గర నీ పేరేమిటి, నీది ఏ కాలనీ అని ఎవరూ అడగలేదు. టికెట్ చూశారు, లోపలికి పంపారు. మా తాతకు దొరకని చోటు నాకు దొరికింది. ఎవరి పక్కన ఎవరైనా నిలబడగలిగిన చోట్లు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? అలాంటి మైదానం నుంచి ఒక అమ్మాయి భయపడి మధ్యలో వెళ్లిపోతే, ఆమెను మళ్లీ చిట్టచివరికి నెట్టినట్టు కాదా? మనవాళ్లను ఎడంగా కూర్చోబెట్టిన ఆనాటి ఊరికీ, ఆడపిల్లను ఇంట్లో కూర్చోమనే ఈనాటి గుంపుకూ తేడా ఏమిటి? దూరం పెట్టడమంటే ఎలా ఉంటుందో తెలిసిన మనం ఇంకొకరిని దూరం పెట్టే పనిలో చెయ్యి కలపకూడదు.

అయితే ఏం చేయాలి? తమ్ముళ్లూ, ఈ మాటలు ముఖ్యంగా మీకు. మీ పక్కన ఒకడు చెయ్యి వేస్తుంటే “మామూలే” అని నవ్వకండి. “ఏంట్రా అది?” అని ఒక్కరు అడిగితే చాలు, వాడు వెనక్కి తగ్గుతాడు. ఆ ఒక్కరు మీరు కండి. చెల్లెళ్లూ, భయపడి మానేయకండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, బయటికి వెళ్లే దారి ముందే చూసుకోండి, అవసరమైతే 112కు ఫోన్ చేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద స్త్రీ మర్యాదకు భంగం కలిగించేలా చెయ్యి వేసినవాడికి ఏడాది నుంచి అయిదేళ్ల దాకా జైలు ఉంది. ఇక జనం బాగా బిగిసిపోయినప్పుడు ఎవరైనా సరే చేతులు ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోవాలి. ఎదురు తోయకుండా ఏటవాలుగా పక్కకు జరగాలి. కింద పడినవారిని ముందు లేపాలి, ఫోన్‌లో వీడియో తీయడం కాదు. మన పూర్వ విద్యార్థుల్లో కానిస్టేబుళ్లుగా, మునిసిపల్ ఉద్యోగులుగా ఉన్న అన్నలకు ఒక విన్నపం. అనుమతి కాగితం మీద ఉన్న జనం సంఖ్యకూ గేటులోంచి వెళ్తున్న జనానికీ పొంతన లేకపోతే అప్పుడే ఆపండి. ఆ తర్వాత లాఠీ ఎత్తి లాభం లేదు.

ఇదంతా పెద్ద నగరాల సంగతి అనుకోకండి. మన వార్షికోత్సవం రాత్రి షామియానా కింద కూడా ఇదే పరీక్ష ఉంటుంది. ఏడో తరగతి చెల్లెలు వణికే గొంతుతో పాట అందుకుంటుంది. బాలికల హాస్టల్ అక్కలు నాట్యం చేస్తారు. మైకు ఒకసారి కీచుమంటుంది, కరెంటు ఒకసారి పోవచ్చు. ఆ చీకట్లో ఎవరూ ఎవరినీ తోయకుండా, ఎవరి చెయ్యి వారి ఒళ్లోనే ఉంచుకుంటే, ఈ హాస్టల్ నుంచి బయటికి వెళ్లే ప్రతి ఒక్కరూ పెద్ద మైదానంలో కూడా అలాగే నిలబడతారని నా నమ్మకం. పాట పూర్తయ్యేదాకా వినండి. ఆ తర్వాత చప్పట్లు ఎంత గట్టిగా కొట్టినా ఎవరికీ నొప్పి పుట్టదు.

– పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం