రికార్డు ఒకటా, రెండా?



‘గ్రంథాలయ కేటలాగులో అచ్చుప్రతికి ఒక రికార్డు, ఈ-బుక్‌కు ఇంకొకటి ఎందుకు? ఒక్కదాంట్లోనే లింకు పెడితే సరిపోదా?’ అన్న గత సంచిక వ్యాసంతో నేను సగమే ఏకీభవిస్తాను.

మా ప్రాంతపు పుస్తకమే తీసుకుందాం. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. ఆ ముద్రణనే పేజీకి పేజీ స్కాన్ చేస్తే అచ్చుప్రతి రికార్డులోనే, మార్క్ 21 అనే కేటలాగింగ్ పద్ధతిలో 856 ఫీల్డులో, లింకు ఇస్తే చాలు. అదే లింకును తర్వాతి ముద్రణ రికార్డుకు తగిలిస్తే మాత్రం చిక్కే. పరిశోధక విద్యార్థి ఒక ముద్రణ పేరు రాసి, ఇంకోదాని పేజీ సంఖ్య ఇస్తాడు.

చందా మీద వచ్చే ఈ-బుక్ సంగతి వేరు. దాని ఐఎస్‌బీఎన్ వేరు, దానికో గడువుంటుంది. గడువు తీరాక ఆ రికార్డులన్నీ ఒక్కసారిగా తీసెయ్యాలి. అచ్చుప్రతితో కలిపేసి ఉంటే బీరువాలో ఉన్న పుస్తకం కూడా కేటలాగులోంచి మాయమయ్యే ప్రమాదం ఉంది. వేర్వేరు రికార్డులు పెట్టి, 776 ఫీల్డుతో ఒకదానికొకటి ముడివేయడమే మేలు.

మరో మాట. స్కాన్ పుస్తకాల వివరాలు చాలాచోట్ల ఇంగ్లిషు అక్షరాల్లో, తలో స్పెల్లింగుతో ఉన్నాయి. తెలుగులో టైపు చేస్తే దొరకవు. ‘సురవరం’ అని కొట్టినా, ‘ప్రతాపరెడ్డి’ అని కొట్టినా ఒకేచోటికి చేరాలి. మండల కేంద్రంలో ఫోన్‌లో వెతుక్కునే పాఠకుడికి ముందు కావలసింది ఇదే.

— ఒక పాఠకుడు, పాన్‌గల్, వనపర్తి జిల్లా