సాయం పేరుతో కార్డుల ఫోటోలు గ్రూపుల్లో పెట్టుడు బంద్ చేయాలె



ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్న. కోపం వస్తే రానియ్యండి. మొత్తం చదివినంక తిట్టండి.

మన గ్రూపుల్లో ఒక అలవాటు పడ్డది. ఎవరికన్నా కష్టం వచ్చిందంటే ముందుగాల పాస్‌పోర్టు ఫోటో పడుతది. దాని వెనక బతాకా, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. తర్వాత ఇంటికాడ భార్య ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, కింద ఆమె ఫోన్ నంబరు. "అన్నలారా, దయచేసి అందరికీ షేర్ చేయండి" అని చేతులు జోడించిన బొమ్మ. గంట తిరగకముందే అది ఇరవై గ్రూపులకు పోతది. ఒక్కో గ్రూపులో వెయ్యి మంది దాకా ఉంటరు. వాళ్ళల్ల సగం మంది ఎవరో అడ్మిన్‌కు కూడా తెల్వదు.

ఇది సాయం అనుకుంటున్నం. సాయం చేసే మనసు మంచిదే, దానికి దండం పెడుత. కానీ పద్ధతి తప్పు. కష్టంలో ఉన్న మనిషి ఇల్లు తలుపులు తీసి, తాళంచెవి బజార్ల వేలాడదీసినట్టున్నది. ఈ పద్ధతి ఆగాలె. వేరే గ్రూపులకు చెప్పేముందు మన గ్రూపులోనే ఆగాలె.

ఇట్లా చెప్తే మనోళ్ళు మొదట అనే మాట ఒకటే. "నా ఖాతాలో ఏమున్నదన్నా? జీతం పడ్డ మూడో రోజే ఇంటికి పోతది. దొంగ వచ్చి ఏం ఎత్తుకపోతడు?"

తమ్మీ, దొంగకు నీ పేరు చాలు. నీ కాగితాల మీద ఒక సిమ్ కార్డు తీసిండనుకో. ఆ సిమ్‌తో ఇంకెవరినో మోసం చేసిండనుకో. పోలీసులు వెతుక్కుంటూ మొదలు వచ్చేది నీ రూముకే. నువ్వు రెండేళ్ళకోసారి ఇంటికి పోయేటప్పుడు ఎయిర్‌పోర్టుల కేసు ఉన్నదని ఆపుతరు. నీకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు అంతంతే. "నేను కాదు సార్" అని ఏ భాషల చెప్తవు?

ఇంటికాడ ఏమున్నదో కూడా లెక్క పెట్టు. ఎకరమో రెండెకరాలో భూమి ఉంటే పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000, మూడు విడతల్లో పడుతది. తెలంగాణల రైతు భరోసా ఉన్నది. అమ్మకు పింఛన్ ఉన్నది. ఆంధ్రల అయితే వృద్ధులకు నెలకు 4,000. ఇంట్ల ఆడోళ్ళు బీడీలు చేస్తే వాళ్ళకు పీఎఫ్ ఖాతా ఉన్నది, ఇరవై ఏండ్లు వేళ్ళు అరగదీసి కూడబెట్టిన పైసలు అవి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినోళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది, ప్రమాదంల ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌ల చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబానికి ప్రభుత్వం 5 లక్షలు ఇస్తున్నది. ఇవన్నీ ఆధార్ నంబరుకో, ఫోన్ నంబరుకో, పాస్‌పోర్టు నంబరుకో ముడిపడి ఉన్నయ్. మనం గ్రూపులో పెడుతున్నది సరిగ్గా ఆ మూడింటినే.

ఇప్పుడు చెప్పు, నీ దగ్గర ఏమీ లేదా?

ఆ నంబర్లతోటి ఏం చేస్తరో కొంచెం చెప్త. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడుంటే ఊర్లె చిన్న మిషన్ మీద ఒక్కసారికి 10,000 దాకా పైసలు తీయొచ్చు. ఏటీఎం కార్డు అక్కర లేదు, ఓటీపీ రాదు. ముసలోళ్ళకు సౌలతు అని పెట్టిండ్రు, నిజంగనే సౌలతే. కానీ భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీదున్న వేలిముద్రలను రబ్బరు ముద్రలు చేసి వాడిన కేసులు పోలీసులు పట్టుకున్నరు. 2018ల మన తెలంగాణలోనే సిమ్‌లు అమ్మే ఒకడు ఈ పని చేస్తూ దొరికిండు. మనల్ల భూమి కొన్నోళ్ళు, అమ్మినోళ్ళు ఎంత మంది? ముద్ర ఎక్కడో ఉన్నది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు మనమే గ్రూపులో అందిస్తున్నం.

ఇక ఫోన్ కాల్. మనిషి చనిపోయిన ఇంటికి పది దినాలు కాకముందే ఫోన్ వస్తది. "అమ్మా, మీ ఆయన పాస్‌పోర్టు నంబరు ఇది కదా, ఫలానా కంపెనీల పనిచేసిండు కదా, మీకు గవర్నమెంటు పైసలు మంజూరయినయ్. ఫైలు ఖర్చు 5,000 కొట్టండి, ఓటీపీ చెప్పండి" అంటడు. ఆమె ఎందుకు నమ్మదు? పాస్‌పోర్టు నంబరు కరెక్టు, కంపెనీ పేరు కరెక్టు, ఊరు కరెక్టు. ఇంత తెలిసినోడు గవర్నమెంటోడే అనుకుంటది. వానికి అవన్నీ ఎట్ల తెలిసినయ్? మనం షేర్ చేసిన మెసేజ్ చదివి తెలుసుకున్నడు. ఆ 5 లక్షలకు దరఖాస్తు కలెక్టర్ ఆఫీసుకు పెట్టుకోవాలె. ఫోన్‌ల ఫీజు అడిగెటోడు దొంగ. ఇది ప్రతి ఇంట్ల చెప్పి పెట్టాలె.

ఇంకో రకం ఉన్నది. "పీఎం కిసాన్ కొత్త లిస్టు", "రేషన్ కార్డు ఈకేవైసీ" అని వాట్సాప్‌ల ఒక ఫైలు వస్తది. పేరు చివర ఏపీకే అని ఉంటది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లన్నీ వాడు చదువుతడు, ఓటీపీతో సహా. గవర్నమెంటు ఏ పథకానికీ వాట్సాప్‌ల ఏపీకే ఫైలు పంపదు. అది పంపింది సొంత బామ్మర్ది అయినా నొక్కొద్దు. పాపం ఆయన ఫోన్ అప్పటికే వాని చేతుల ఉండొచ్చు.

ఇక్కడి సంగతి కూడా అంతే. యూఏఈల ఉద్యోగం పోతే కొన్నాళ్ళు పైసలు వచ్చే బీమా ఉన్నది కదా, ఐలో అంటరు. మన జీతాల వాళ్ళకు నెలకు 5 దిర్హాములు, పైన వ్యాట్. అందుల చేరకుంటే 400 ఫైన్. ఆ ఫైన్ భయం పట్టుకుని "ఇప్పుడే ఈ లింకుల కట్టు, లేకుంటే వీసా ఆగుతది" అని మెసేజ్‌లు తిరుగుతున్నయ్. యూఏఈ పాస్‌ల మనం అడగకుండా రిక్వెస్టు వచ్చిందంటే ఎవడో మన పేరు మీద లోపలికి జొర్రాలని చూస్తున్నడని అర్థం. "పోలీసులం మాట్లాడుతున్నం, ఓకే నొక్కు" అని ఫోన్‌ల అంటే నొక్కొద్దు. పోలీసులకు మీ ఓటీపీతోటి ఏం పని?

ఇప్పుడు అసలు మాటకు వస్త. ఇది కొందరికి నచ్చదు.

మన క్యాంపుల్ల ఒకడు ఉంటడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తయ్, ఫోన్ బాగ నడుపుతడు. అందరికీ ఫారాలు నింపుతడు, పాస్‌వర్డులు వాడే పెడుతడు, వాడే గుర్తుంచుకుంటడు. అడిగితే "మనోడే కదా" అంటం. వాడు మంచోడే కావచ్చు, పది మందికి ఉపకారం చేసిన మనిషే కావచ్చు. కానీ నలభై మంది కార్డులు ఒక్క ఫోన్‌ల ఉన్నయ్. ఆ ఫోన్ పోతే? రిపేరు షాపుల ఇస్తే? రేపు వాడే అప్పులపాలయితే? సైటు మీద బెల్టు కట్టుకోకుండా పరంజ ఎక్కుతవా అని రోజూ అరుస్త నేను. పరంజ కట్టింది మనోడే కదా అని ఎవడన్నా బెల్టు ఇప్పుతడా? కార్డు విషయంల కూడా అంతే. మనిషి మీద నమ్మకం వేరే, జాగ్రత్త వేరే.

మరో పాడు పని కూడా మొదలైంది. కొత్తగా వచ్చిన పోరగాళ్ళకు ఐదు వందలో, వెయ్యో దిర్హాములు ఇచ్చి, వాళ్ళ పేరు మీద బ్యాంకు ఖాతా తెరిపించి ఏటీఎం కార్డు తీసుకుంటున్నరు. "నీకేం కాదు, ఊరికే పైసలు వచ్చిపోతయ్" అంటరు. వచ్చిపోయేది ఎవరి దగ్గర్నో దోచుకున్న పైసలు. ఖాతా నీది కాబట్టి కేసు నీది, జైలు నీది, ఇంటికి పంపిచ్చుడు నీకే. తమ్ముళ్ళకు ఇది తెల్వకపోవచ్చు. తెలిసి కూడా వాళ్ళను తీసుకపోయి కలిపిచ్చే పెద్దలున్నరు మన దాంట్ల. వాళ్ళను అన్న అని పిలవద్దు.

తప్పంతా కూలోనిదే అని నేను అంటలేను. చదువుకున్నోళ్ళు "లేబరోళ్ళకు తెలివి లేదు" అని నవ్వుతరు. మరి తెలివున్నోళ్ళు ఏం చేసిండ్రు? 2017 మే నెలల బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్ళు ఒక రిపోర్టు ఇచ్చిండ్రు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లల్ల పింఛన్లు, ఉపాధి హామీ, బీమా వాళ్ళవి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేటట్టు పడి ఉన్నయ్ అని. అందులో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే. బయట పడ్డది ఎవరి నంబర్లు? మట్టి తవ్వే కూలీలవి, పింఛన్ తీసుకునే ముసలోళ్ళవి. ఆధార్ నంబర్లను బహిరంగంగా పెట్టొద్దని 2016 చట్టంలనే రాసుకున్నరు, రాసుకున్నోళ్ళే పాటించలేదు. ప్రతి ఆఫీసుల, ప్రతి ఏజెంటు కాడ జిరాక్సు మీద జిరాక్సు అడుగుతరు. ఆ కాగితాలు చివరికి మిర్చి బజ్జీల పొట్లాలయితయ్. దానికి మనం గట్టిగ అడగాలె, సంఘం తరఫున రాయాలె. కానీ వాళ్ళు తలుపు తెరిచి పెట్టిండ్రని మనం కూడా తెరిచి పెడుదామా?

"ప్రూఫ్ లేకుంటే చందా ఎవడిస్తడు?" అని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే దొంగ చందాలు కూడా ఉన్నయ్. కానీ ఆలోచించండి. చచ్చిపోయినోని పాస్‌పోర్టు ఫోటో ఒక గ్రూపుల నుంచి తీసి, ఖాతా నంబరు మార్చి, ఇంకో గ్రూపుల చందా అడగడం ఎంతసేపు? ఫోటో ప్రూఫ్ కాదు. కాగితాలు కండ్లతోటి చూసిన ఇద్దరు మనుషుల మాట ప్రూఫ్. అందుకే ఈ గ్రూపు నడిపే అన్నలను సూటిగ అడుగుతున్న, ఈ పద్ధతి పెట్టండి:

1. ఏ కార్డు ఫోటో గ్రూపుల పడొద్దు. పడితే అడ్మిన్ వెంటనే తీసేయాలె. పాత మెసేజ్‌లల్ల ఉన్నవి కూడా తీసేయాలె.

2. కేసు వస్తే ఇద్దరు పెద్దలు కాగితాలు చూసి, "మేం చూసినం, నిజమే" అని గ్రూపుల వాళ్ళ పేరుతో రాయాలె. మనిషి పేరు, మండలం, ఏం సాయం కావాలె, అంతే రాయాలె.

3. కాగితాలు కాన్సులేట్‌కు పంపే ఒక్క మనిషి దగ్గరే ఉండాలె. పని అయిపోయినంక ఫోన్‌ల నుంచి తీసేయాలె.

4. వచ్చిన చందా, పోయిన చందా లెక్క గ్రూపుల పెట్టాలె. అందరూ చూడాల్సింది ఆ లెక్క.

మనం ఎవరికి వాళ్ళం చేసుకునేవి:

ఆధార్ ఎక్కడన్నా ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనబడుతయ్. యూఐడీఏఐ వెబ్‌సైట్‌ల ఉత్తగనే దొరుకుతది. అక్కడనే, లేకుంటే ఎం-ఆధార్ యాప్‌ల బయోమెట్రిక్ లాక్ ఉన్నది. మనం ఇక్కడున్నన్ని రోజులు మన వేలిముద్రతోటి అక్కడ ఏ పనీ లేదు కదా, లాక్ చేసి పెట్టండి. సెలవు మీద పోయినప్పుడు తీసుకోవచ్చు. వేలిముద్ర వేసి పింఛన్, రేషన్ తీసుకునే అమ్మానాయనలకు మాత్రం లాక్ చేస్తే ఆ రోజు తీయాలె, అది యాది పెట్టుకోండి.

ఇండియా సిమ్‌ను చావనియ్యొద్దు. ఇది చాలా మంది చేసే తప్పు. మూడు నెలలు వాడకపోతే కంపెనీ నంబరు ఆపేయొచ్చు, తర్వాత దాన్ని ఇంకొకరికి ఇస్తది. మన బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ ఆ కొత్త మనిషికి పోతయ్. రీఛార్జ్ చేస్తూ ఉండండి. చేయలేకపోతే ఇంటికాడ నమ్మకమైన నంబరును బ్యాంకుల, ఆధార్‌ల మార్పించండి. మన పేరు మీద ఇండియాల ఎన్ని సిమ్‌లున్నయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌ల చూడొచ్చు. మనది కానిది ఉంటే అక్కడనే చెప్పొచ్చు.

పాస్‌వర్డు నువ్వే పెట్టుకో. రాకపోతే పక్కన కూర్చుని నేర్చుకో, సిగ్గేం లేదు.

పైసలు పోయినయా, దాచి పెట్టొద్దు. "ఇంట్ల తెలిస్తే తిడుతరు" అని వారం రోజులు ఊకుంటే దొంగ దాటిపోతడు. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాలె. ఇండియా ఖాతా అయితే 1930కి ఇంటోళ్ళతోటి ఫోన్ చేయించాలె. ఆధార్ సంగతులకు 1947. మన తప్పు లేకుండా పోతే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల లోపల చెప్పినోళ్ళ మీద ఆ నష్టం పడదని రిజర్వ్ బ్యాంకు 2017ల నియమం పెట్టింది. ఓటీపీ మనమే చెప్తే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే. అందుకే ఎంత జల్ది చెప్తే అంత మేలు. దుబాయ్‌ల పోలీసులకు 901. మన కాన్సులేట్ సహాయ కేంద్రం 80046342, యూఏఈల ఉచితం.

చివరగ ఒక్క మాట. మనం ఇక్కడ ఎండల ఇనుము మోసి సంపాదించింది ఇంటికి పంపుతున్నం. మనం లేకపోయినా ఇంటిని నిలబెట్టేవి ఆ నాలుగు కాగితాలు, ఆ నాలుగు పథకాలు. రేపు మనకే ఏమన్నా అయితే గ్రూపుల మన ఫోటో పడుతది. దాని పక్కన మన పెండ్లాం ఆధార్ కార్డు పడొద్దని అనుకుంటే, ఈ రోజు ఇంకొకరి పెండ్లాంది పెట్టొద్దు. ఫోన్ తీయండి, ఇప్పుడే మీరు పెట్టిన ఫోటోలు వెతికి తీసేయండి. తీసేసినోళ్ళు గ్రూపుల "తీసేసిన" అని ఒక్క ముక్క రాయండి. ఎంత మంది రాస్తరో శుక్రవారం దాకా చూస్త.

మీ అన్న,
ఒక సైట్ సూపర్‌వైజర్, షార్జా