హెచ్చరించే సెన్సర్ నోరు నొక్కవద్దు

మైక్రోవేవ్ ఓవెన్ ఇప్పుడు మన పల్లెల్లోనూ కనబడుతున్నది. పట్నం నుండి పిల్లలు పంపినవి కొన్ని, పెండ్లికి కానుకగా వచ్చినవి కొన్ని. కేకులు కాల్చే కన్వెక్షన్ రకం ఓవెన్ ఒకనాడు సెన్సర్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. వెంటనే రెండు సలహాలు వినబడతాయి. "బోర్డు పోయింది, కొత్తది వేయించండి" అనేది ఒకటి. "సెన్సర్ బైపాస్ చేసేయండి, నడుస్తుంది" అనేది రెండవది. కొలిచి చూడకుండా మొదటిది చేయకూడదు, రెండవది ఎన్నడూ చేయకూడదు అని మేము గట్టిగా చెబుతున్నాము.

ఆ సెన్సర్ పేరు థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఆ నిరోధాన్ని బట్టి బోర్డు లోపలి వేడిని తెలుసుకుంటుంది. తీగ తెగితే కొలత అంతు లేకుండా పోతుంది, రెండు తీగలు తాకితే సున్నాకు పడిపోతుంది. అటువంటి కొలతను నమ్మలేక బోర్డు పని ఆపేస్తుంది. అంటే ఆ ఆగిపోవడం మన ఇంటిని కాపాడటానికే.

మరి మనము ఏమి చేయాలి? ప్లగ్ తీసి ఓవెన్‌ను పూర్తిగా చల్లారనివ్వండి. గాలి పోయే రంధ్రాలకు గోడగాని గుడ్డగాని అడ్డం ఉంటే తొలగించండి. మళ్లీ పెట్టినా అదే ఎర్రర్ వస్తే అక్కడితో ఆగండి. ఓవెన్ బాడీ మాత్రం విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో సుమారు 2000 వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు.

మిగతా పని తెలిసిన మెకానిక్‌ది. అతడు ముందు కెపాసిటరును డిశ్చార్జ్ చేయాలి. తరువాత సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటరుతో కొలవాలి. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న కొలతతో సరిచూడాలి. హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సర్‌ను కొంచెం వేడి చేస్తే కొలత క్రమంగా తగ్గాలి. తగ్గకపోతే లోపం సెన్సర్‌దే. సరిగా తగ్గితే తుప్పు పట్టిన పిన్నులు, ఎలుకలు కొరికిన తీగలు చూడాలి. అవి కూడా బాగుంటేనే బోర్డు సంగతి. "అన్నా, సెన్సర్ కొలిచావా? ఎంత వచ్చింది?" అని అడగడానికి సిగ్గుపడకండి. ఆ ఒక్క ప్రశ్న అనవసరంగా బోర్డు కొనే ఖర్చు తప్పించవచ్చు.

మెకానిక్ పట్నంలో ఉంటాడు, ఓవెన్ మోసుకుపోవాలంటే ఆటో ఖర్చు అంటారు. నిజమే. అయినా సెన్సర్ స్థానంలో మామూలు రెసిస్టర్ పెట్టి నడిపిస్తే, లోపల ఎంత కాలుతున్నా బోర్డుకు ఒకే వేడి కనబడుతుంది. ఇక ఆపమని చెప్పేది ఎవరు? ఆ ఓవెన్ ముందు నిలబడేది మన పిల్లలే. ఆటో ఖర్చు కూడేవరకు పాలు పొయ్యి మీద కాచుకుందాము. ఓవెన్‌ను మాత్రం ప్లగ్ తీసి పక్కన ఉంచుదాము.