నిన్న తీసినట్టున్న 1986

“ప్రింట్ అదిరింది మామా, నిన్న తీసినట్టుంది.”

‘ఏలియన్స్’ 4కె డిస్క్ పెట్టిన పది నిమిషాలకి మా ఫ్రెండ్ అన్న మాట. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ డిస్క్ తెచ్చింది కూడా వాడే, అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య దాచి. అందుకని ఆ రాత్రి నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తాను. వాడు పొగడ్త అనుకున్నదే ఈ డిస్క్ మీద నా ఫిర్యాదు.

మనకి ‘ప్రింట్’ అన్న మాటతో ఉన్న అనుబంధం వేరు. ఒకప్పుడది రేకు డబ్బాల్లో బస్సెక్కి ఊరొచ్చే వస్తువు. మా హాస్టల్ రోజులకి అదొక కొలబద్ద అయింది. కెమెరా ప్రింట్, థియేటర్ ప్రింట్, డీవీడీ ప్రింట్, “ఇంకా మంచి ప్రింట్ రాలేదు, రెండు వారాలు ఆగు”. ముందు సీట్లో వాడి తలకాయ అడ్డొచ్చే సినిమాలు చూసి పెరిగిన వాళ్ళకి బొమ్మ శుభ్రంగా కనపడితే చాలు, అదే మోక్షం. నేనూ ఆ బ్యాచే. ‘ఏలియన్స్’ని మొదటిసారి చూసింది కేబుల్ టీవీలో, ప్రకటనల మధ్య, సగం మసకలో. కాబట్టి శుభ్రత మీద మనకున్న మోజుని వెక్కిరించే అర్హత నాకు లేదు. కానీ తుడవడానికీ చెరిపేయడానికీ మధ్య ఒక గీత ఉంది. ఈ డిస్క్ దాన్ని దాటేసింది. దాటినందుకు చాలామంది సమీక్షకులు నిండుగా మార్కులు కూడా వేశారు.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. జేమ్స్ కామెరూన్ పాత సినిమాలు మూడు, ‘ఏలియన్స్’, ‘ది అబిస్’, ‘ట్రూ లైస్’, 2023 డిసెంబర్‌లో డిజిటల్‌గానూ 2024 మార్చిలో డిస్కులుగానూ 4కెలో వచ్చాయి. మూడిట్లో ‘ట్రూ లైస్’ పరిస్థితి మరీ ఘోరం, దాని జోలికి పోను. ‘ఏలియన్స్’ దానికంటే చాలా నయం. హెచ్‌డీఆర్ వల్ల తుపాకీ పేలినప్పటి వెలుగు, ఫ్లేమ్‌త్రోవర్ మంట, గోడల మీద తిరిగే ఎర్ర లైట్లు ఇంతకు ముందెప్పుడూ ఇంత బలంగా లేవు. అట్మోస్ శబ్దం గురించి వంకపెట్టడానికి నాకేం దొరకలేదు. మోషన్ ట్రాకర్ బీప్ దగ్గరవుతుంటే మా ఫ్రెండ్ కాళ్ళు సోఫా మీదకి లాక్కున్నాడు. 137 నిమిషాల థియేటర్ వెర్షన్, 154 నిమిషాల స్పెషల్ ఎడిషన్ రెండూ ఉన్నాయి. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక బొమ్మ. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడేది వెండి లవణాల స్ఫటికాల వల్ల. తక్కువ వెలుతురులో తీయాలంటే వేగం ఎక్కువున్న ఫిల్మ్ కావాలి, దాంట్లో ఈ స్ఫటికాలు పెద్దవి. డెవలప్ చేశాక వాటి ఆనవాళ్ళే రేణువుల్లా కనపడతాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. సెకనుకి 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేములో రేణువుల అమరిక వేరు, అందుకే తెర మీద సన్నగా కదులుతూ ఉంటుంది. చాలామంది దీన్ని బొమ్మ మీద పడ్డ దుమ్ము అనుకుంటారు. అసలు బొమ్మ తయారైందే దాంతో. ముగ్గులోంచి పిండి ఏరేస్తే ముగ్గు శుభ్రపడదు.

‘ఏలియన్స్’లో గ్రెయిన్ ఎక్కువే. ఆ సంగతి కామెరూన్‌కీ నచ్చలేదు. అప్పుడు దొరికిన ఫిల్మ్ బాగాలేదని 2010 బ్లూరే నాటికే చెప్పాడు, ఆ బ్లూరేకి కూడా గ్రెయిన్ తగ్గించారు. అయినా కొంత మిగిలింది, సినిమా సినిమాలాగే ఉంది. ఆ బ్లూరేలో ఇంకో దిద్దుబాటు కూడా చేశారు. చివర్లో ఆండ్రాయిడ్ బిషప్ రెండు ముక్కలైనప్పుడు, నటుడు లాన్స్ హెన్రిక్సన్ అసలు శరీరం దాచిన నేల కంత కనపడేది. దాన్ని పూడ్చారు. నాకు దాంతో పేచీ లేదు. అది తప్పని తీసినవాళ్ళకీ చూసినవాళ్ళకీ తెలుసు. కానీ గ్రెయిన్ ఆ జాతి తప్పు కాదు.

4కెకి బొమ్మని శుభ్రం చేసింది న్యూజీలాండ్‌లోని పార్క్ రోడ్ పోస్ట్. పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచ యుద్ధపు పాత ఫుటేజీకి ప్రాణం పోసింది అక్కడే. నేను రోజూ రాసేది సాఫ్ట్‌వేరే కాబట్టి ఈ తరహా పరికరాలు ఎలా పనిచేస్తాయో కొంత తెలుసు. పాత పద్ధతిలో పక్క ఫ్రేములతో పోల్చి సగటు తీసేవాళ్ళు. మరీ ఎక్కువ చేస్తే మొహాలు మైనం బొమ్మల్లా అయ్యేవి, అంతవరకే నష్టం. ఇప్పటి పద్ధతి వేరు. మోడల్‌కి లెక్కలేనన్ని బొమ్మలు చూపించి, మసకగా ఉన్నచోట ఏముండి ఉండాలో ఊహించమంటారు. అది తీసేయడంతో ఆగదు, కొత్తగా గీస్తుంది. దగ్గరగా ఉన్న మొహాన్ని బాగానే గీస్తుంది. భోజనాల గదిలో బిషప్ కత్తి విన్యాసం చేసే దృశ్యంలో వెనక ఉన్న సైనికుల్ని చూడండి. కళ్ళూ పళ్ళూ ఎవరో సన్నటి పెన్నుతో దిద్దినట్టుంటాయి. జుట్టు చివర్లు తీగల్లా నిలబడతాయి. చెంప మాత్రం నున్నగా, ఇస్త్రీ చేసినట్టు. ఒకసారి కనపడిందా, ఇక సినిమా అయ్యేదాకా అదే కనపడుతుంది. (చూడకండి అనడం మేలేమో.)

ఇదంతా అతి సున్నితత్వం అనేవాళ్ళని ఒక్క దృశ్యం దగ్గరికి తీసుకెళ్తాను. సైనికులు ఏలియన్ల గూట్లోకి దిగే ఘట్టం. లండన్‌లో మూసేసిన యాక్టన్ పవర్ స్టేషన్‌లో తీశారు. గోడలన్నీ జిగురు కట్టిన ఎముకల్లా ఉంటాయి. ఏలియన్లు ఆ గోడల్లోనే ముడుచుకుని ఉంటాయి, గోడకీ ప్రాణికీ తేడా తెలియదు. పాత కాపీల్లో ఆ నలుపు నిలకడగా ఉండదు. గ్రెయిన్ వల్ల చీకటంతా కుతకుతలాడుతూ ఉంటుంది. గోడ కదిలిందా, కన్ను భ్రమపడిందా తెలియక మనం ముందుకి వంగి చూస్తాం. సరిగ్గా అప్పుడు గోడ నిజంగానే విచ్చుకుంటుంది. 4కెలో గోడ కదలదు. కదిలినప్పుడు అది స్పష్టంగా, అంచులతో సహా, రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి.

పైగా ఆ ఘట్టమే సరిగా కనపడకపోవడం గురించి. బయట వాహనంలో కూర్చున్న లెఫ్టినెంట్ గోర్మన్, సైనికుల హెల్మెట్ కెమెరాల నుంచి వచ్చే చెడిపోయిన వీడియో చూస్తూ ఆజ్ఞలిస్తుంటాడు. తెరలు ఒక్కొక్కటే చుక్కలు చుక్కలై పోతుంటే లోపల ఎవరు చచ్చారో తెలియదు. వీడియో రొద ఒకటి, ఫిల్మ్ రేణువు ఇంకొకటి. రెండు రకాల మసకని పక్కపక్కన పెట్టి కట్టిన దృశ్యం అది. రెండోదాన్ని తుడిచేస్తే మొదటిది వట్టి అలంకారంగా మిగులుతుంది.

ఆ చీకటి యాదృచ్ఛికం కూడా కాదు. ఈ సినిమాకి మొదటి ఛాయాగ్రాహకుడు డిక్ బుష్. గూటి సెట్‌కి వెలుతురు ఎక్కువ పెట్టాడు, కామెరూన్‌తో పడలేదు, తీసేశారు. తర్వాత వచ్చినవాడు ఏడ్రియన్ బిడిల్, ఛాయాగ్రాహకుడిగా అతనికిదే మొదటి సినిమా. అంటే, చీకటి కోసం కెమెరామన్‌నే మార్చిన దర్శకుడు కామెరూన్. తక్కువ వెలుతురు, వేగమైన ఫిల్మ్, ముతక గ్రెయిన్ ఒకే నిర్ణయానికి మూడు చివర్లు. ఒక చివర కత్తిరించి మిగతాది అలాగే ఉందంటే ఎలా? బిడిల్‌ని అడుగుదామంటే ఆయన 2005లోనే పోయాడు.

ఇక్కడ అందరూ బయటికి తీసే వాదన ఒకటుంది. దర్శకుడే దగ్గరుండి చేయించుకున్నాడు కదా, నీకేంటి? సినిమా ఆయనది.

ఈ వాదనని తేలిగ్గా తీసుకోను. రచయితకి తన రచనని తిరగరాసే హక్కుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. తర్వాత దాన్ని ఆయన దాదాపు కొత్త నాటకంలా తిరగరాస్తే 1909లో రెండో కూర్పు వచ్చింది. మనందరం చదివేది ఆ రెండోదే, గొప్పది కూడా అదే. కానీ మొదటిది పోలేదు. దొరుకుతుంది, పక్కన పెట్టుకుని చదవచ్చు, గురజాడ ఎక్కడ ఎదిగాడో చూడచ్చు. రెండోది రాశాడు కాబట్టి మొదటిది ఎప్పుడూ ఇలాగే ఉండేదని ఎవరూ మనకి చెప్పలేదు. డిస్కులో జరిగింది ఆ రెండో పని. డబ్బా మీద 1986 సినిమా అనే ఉంటుంది, లోపల 2023 బొమ్మ. తిరగరాత అని చెప్పి అమ్మితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

కామెరూన్‌కి ఈ తేడా తెలియదనుకోను. కథ విషయంలో ఆయన చాలా మర్యాదస్తుడు. పదిహేడు నిమిషాలు ఎక్కువున్న కూర్పే తనకి ఇష్టమైనా, థియేటర్ కూర్పుని చెరపలేదు. డిస్క్ పెట్టగానే మెనూ అడుగుతుంది, ఏది చూస్తారని. కథకి రెండు పాఠాలు ఉండచ్చు, బొమ్మకి మాత్రం ఒక్కటే ఉండాలా?

విమర్శలు వచ్చాక ఆయనిచ్చిన సమాధానం తెలిసిందే. గ్రెయిన్ గురించి సమీక్షలు రాసేవాళ్ళు అమ్మగారి ఇంటి బేస్‌మెంట్‌లోంచి బయటికొచ్చి ఎవరినైనా కలవాలని ఒక ఇంటర్వ్యూలో సెలవిచ్చాడు. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కార్లే ఉంటాయి, నేను మూడో అంతస్తు. అది సరే. తన సినిమాలో ప్రతి బోల్టూ ఎక్కడుండాలో పట్టుపట్టిన మనిషి, చూసేవాళ్ళు అంతే పట్టుదలగా చూస్తే నవ్వుతాడా? మమ్మల్ని అలా చూడటం నేర్పింది ఆయన సినిమాలే.

ఇంకో సాకు సాంకేతికం. గ్రెయిన్ యాదృచ్ఛికంగా కదులుతుంది కాబట్టి కంప్రెస్ చేయడం కష్టం, బిట్లు తింటుంది. నిజమే. స్ట్రీమింగ్‌లో 4కె సినిమాకి దక్కేది సాధారణంగా సెకనుకి 15, 20 మెగాబిట్లు, అక్కడ గ్రెయిన్ ముద్దయిపోతుంది. కానీ 4కె డిస్క్‌లో 100 జీబీ దాకా పడుతుంది, సెకనుకి 128 మెగాబిట్ల దాకా పోవచ్చు. మనలాంటి వాళ్ళు సూట్‌కేసుల్లో డిస్కులు తెప్పించుకునేది ఆ చోటు కోసమే. ప్రతి రేణువునీ మోయగలిగిన బండి అదొక్కటే, దాన్ని ఖాళీగా పంపారు.

చేయలేక కాదు. దీని ముందు భాగం, రిడ్లీ స్కాట్ ‘ఏలియన్’ (1979), నలభై ఏళ్ళ సందర్భంగా 2019లో 4కె డిస్క్‌గా వచ్చింది. గ్రెయిన్ ఉంది, చీకటి ఉంది, నటుల చర్మం మీద రంధ్రాలున్నాయి. అది చూసి ఎవరూ పాతబడిపోయిందనలేదు. ఈ రెండు డిస్కులూ నా అలమరలో పక్కపక్కన పెడితే, అన్న వయసు తెలుస్తోంది, తమ్ముడికి వయసే లేదు.

మనవైపు చూసినా ఇదే కథ. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్దారు, తెర కొలతనీ సినిమాస్కోప్‌కి సాగదీశారు. మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల్లో కట్టిన వెన్నెల మీద రంగులు. నాకు నచ్చలేదు, చాలామందికి నచ్చింది, గొడవ లేదు, ఎందుకంటే నలుపు తెలుపు సినిమా ఈ రోజుకీ ఎవరైనా చూడచ్చు. రేపు 4కె పేరుతో మన పాత సినిమాలకి కూడా ఇదే ఏఐ ఇస్త్రీ జరుగుతుంది. అప్పుడు నెగెటివ్‌ని ఉన్నదున్నట్టు స్కాన్ చేసి ఎక్కడైనా దాచారా అని అడగాలి. ‘భక్త ప్రహ్లాద’ లాంటి తొలి టాకీనే పోగొట్టుకున్న వాళ్ళం, అడగడం మనకి అలవాటు లేదు.

స్పెషల్ ఎడిషన్‌లో ఒక చిన్న దృశ్యం ఉంది. 57 ఏళ్ళు నిద్రలో గడిపి వచ్చిన రిప్లీకి, తన కూతురు 66 ఏళ్ళ వయసులో చనిపోయిందని చెప్తారు. పదకొండో పుట్టినరోజుకి ఇంటికొస్తానని ఆ పిల్లకి మాటిచ్చి వెళ్ళింది. ముసలిదైన కూతురి ఫొటో తెర మీద కనపడుతుంది. అది నిజానికి సిగోర్నీ వీవర్ తల్లి ఫొటో. వయసు పెరగని తల్లి, వయసు పెరిగి పోయిన కూతురు. తల్లి వేళ్ళు తెర మీద ఆ ముడతల్ని తడుముతాయి. ఆ దృశ్యాన్ని 4కెలో చూసి, ఆపి, 2010 బ్లూరే పెట్టి మళ్ళీ చూశాను. మా ఫ్రెండ్ ఫోన్ పక్కన పెట్టాడు. “ఇందులో ఆవిడ నిజంగా అలిసిపోయినట్టుంది కదా” అన్నాడు.

నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. మెనూలో ఇంకో గీత. థియేటర్ వెర్షన్, స్పెషల్ ఎడిషన్, వాటి కింద 1986 బొమ్మ. అది వచ్చేదాకా, శబ్దం కోసం కొనదలిస్తే కొనండి, బొమ్మకి పాత బ్లూరే దాచుకోండి. నేను 4కె డిస్క్ మావాడికే తిరిగిచ్చేశాను. వాడికి ఆ ప్రింట్ ఇప్పటికీ నచ్చింది. కాకపోతే తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు సర్దుకుంటూ బ్లూరే ఒకసారి ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు.