వీడ్కోలు పుచ్చుకొన్న తరగతి

2017వ సంవత్సరము జూన్ నెలలో ఎలమంచిలి ఉన్నత పాఠశాలలలో ఆరవ తరగతి చేరిన పిల్లలు విశాఖపట్టణము జిల్లా విద్యార్థులు. వారే 2022 ఏప్రిల్ 27వ తేదీన పదవ తరగతి పబ్లిక్ పరీక్షకు కూర్చుండునప్పటికి అనకాపల్లి జిల్లా విద్యార్థులైరి. ఆ నెల 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడినవి. ఊరు కదలలేదు, బడి కదలలేదు. చిరునామా మాత్రము మారినది. ఆ అయిదేండ్లలో ఆ పిల్లలకు సంభవించిన మార్పులలో ఇది మిక్కిలి చిన్నది.

ఏటేటా పరీక్షలకు ముందు ప్రతి ఉన్నత పాఠశాలలోను వీడ్కోలు సభ జరుగుచుండును. తొమ్మిదవ తరగతివారు రంగు కాగితములు కత్తిరించి తోరణములు కట్టుదురు. ఆ దినమున బాలికలు ఇంటిలో పెద్దల చీరలు కట్టుకొని వత్తురు. ఒక విద్యార్థి లేచి, గురువులు దైవసమానులనియు, బడి దేవాలయమనియు, ఈ దినములు మరపునకు రావనియు చదువును. ఎవరు చదివినను ఆ ప్రసంగ మొక్కటే. నిరుటి కాగితమున పేరు మార్చినచో చాలును. పిమ్మట ఆటోగ్రాఫు పుస్తకములలో సినిమా పాటల ముక్కలు, ఇంగ్లీషున నాలుగు అరువు మాటలు. మరపునకు రాని దినము ఒక్కటియైనను అందులో కానరాదు. దీనికి పిల్లలను తప్పుపట్టుట న్యాయము కాదు. వేదికపై ఉపాధ్యాయులు కూర్చుండగా పొగడ్త తప్ప మరియొక మాట చెప్పుటకు ఏ పదునారేండ్ల బాలుడు సాహసించును? అసలు వారిని అడిగినవారెవరు?

2022 నాటి తరగతిని మాత్రము అడుగక విడుచుట పొరపాటు. కోవిడ్ కారణమున 2020 మార్చిలో బడులు మూతపడునప్పటికి వారు ఎనిమిదవ తరగతిలో నుండిరి. వార్షిక పరీక్షలు లేకయే తొమ్మిదవ తరగతికి వచ్చిరి. దూరదర్శన్ సప్తగిరి ఛానెలులో 'విద్యావారధి' పేరున పాఠములు ప్రసారమైనవి. టెలివిజను ఉన్న యింట విద్యుత్తు ఉండవలెను. విద్యుత్తు ఉన్నను ఆ వేళకు పిల్లవానికి తీరిక ఉండవలెను. ఇంటికి ఒక్కటే ఫోను ఉన్నచోట అది తొలుత తండ్రిది, పిదప అన్నది, చివరకు మిగిలిననాడు చెల్లెలిది. 2020 నవంబరు 2న బడులు తెరచిరి గాని తరగతినంతటిని ఒక్కమారుగా కూర్చుండబెట్టుటకు వీలులేకపోయెను. 2021 ఏప్రిల్‌లో తొమ్మిదవ తరగతి వరకు మరల సెలవులిచ్చిరి. పదవ తరగతి పాఠములు ఆ యేడు ఆగస్టు 16న గాని మొదలు కాలేదు. వారికి ముందున్న రెండు తరగతులకు, అనగా 2020, 2021 సంవత్సరములవారికి, పబ్లిక్ పరీక్షయే రద్దయినది. వీరికి కాలేదు.

ఫలితము అందరెరిగినదే. 2019లో రాష్ట్రమున పదవ తరగతి ఉత్తీర్ణత నూటికి 94.88, 2022లో 67.26. రెండు లక్షలకు పైగా పిల్లలు తప్పిరి. నాడు పత్రికలలో కారణములపై వాదోపవాదములు జరిగినవి. పరీక్ష కఠినమైనదని కొందరు, పాలకుల లోపమని కొందరు, ఉపాధ్యాయుల లోపమని మరికొందరు పలికిరి. ఆ రెండేండ్లు ఏమి చదివిరో, ఏమి చదువలేదో, ఏ పాఠమునొద్ద దారి తప్పిరో స్వయముగా ఎరిగినవారు పిల్లలొక్కరే. వారి మాట ఎక్కడను నమోదు కాలేదు.

పెద్దవారైన పిమ్మట వారే చెప్పుదురని కొందరనవచ్చును. పూర్వ విద్యార్థుల సమ్మేళనములు నేడు ప్రతి ఊర జరుగుచున్నవి గదా! నిజమే. పాతికేండ్ల తరువాత కలిసికొని, గురువులకు శాలువలు కప్పి, ఫొటో తీయించుకొని, కలిసి భోజనము చేయుట మంచి పనియే. కాని నాటికి బెత్తపు దెబ్బయు తీపి యగును, తప్పిన లెక్కయు నవ్వులాట యగును. 1966లో విశాఖ ఉక్కు కర్మాగారమునకై అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిన అక్టోబరు మాసమును, కాల్పులలో ప్రాణములు పోయిన నవంబరు 1వ తేదీని తలచుకొనుడు. ఉద్యమమున విద్యార్థులు ముందు నిలిచిరి. ఆ యేట ఈ జిల్లాలో ఉన్నత పాఠశాల చివరి తరగతి చదివినవారు నేడు డెబ్బదియైదేండ్ల దరిదాపులవారు. వారు చెప్పుదురు, బాగుగనే చెప్పుదురు. కాని తాము కన్నదెంతయో, పిదప పత్రికలలో చదివినదెంతయో విడదీయుట నేడు వారికిని కష్టమే. 1967 వేసవిలో ఒక్క ఉపాధ్యాయుడు ఒక్క నోటుపుస్తకమున వారిచేత వ్రాయించి యుండిన ఎంత బాగుండెడిది!

ఎలమంచిలి పిల్లలకు విహారయాత్ర యనగా పంచదార్ల గుర్తునకు వచ్చును. అక్కడి కోవెలలో ఎలమంచిలి చాళుక్యుల శాసనములున్నవి. రాజులు తమ వంశావళిని రాతిపై చెక్కించిరి కనుక మనము నేడు చదువుకొనుచున్నాము. ఆ రాళ్లను చూచి వచ్చిన పిల్లల మాట బడిలో ఎక్కడ నిలిచినది? చేరిక రిజిస్టరులో పేరు, పుట్టిన తేది, బదిలీ పత్రమున 'నడవడి మంచిది' అను మాట, అంతే. సమీపముననే ఉన్న ఎస్. రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు దినచర్యలు వ్రాసికొని యుంచిరి. కనుకనే ఆయన ఏనాడేమి తలచెనో కొంత తెలియుచున్నది. ఆ దినచర్యలు ఎక్కువగా ఇంగ్లీషుననే ఉన్నవని గుర్తుచేయువారుందురు. వాస్తవమే. తెలుగున వ్రాయుడని పిల్లలను కోరునది ఇంగ్లీషు మీది కోపముచేత కాదు. అమ్మ మందలించిన మాటను, తోటివాడు చెవిలో చెప్పిన మాటను తర్జుమా చేయుచు వ్రాయుట వారికి చేతకాదు గనుక.

పని పెద్దది కాదు. తెలుగు ఉపాధ్యాయుడు ఫిబ్రవరిలో రెండు పీరియడులు విడువవలెను. మార్కులుండవని, తప్పులు దిద్దబడవని ముందే చెప్పవలెను. పేరు వ్రాయుట, మానుట విద్యార్థి ఇష్టము. 'గురువులు దైవసమానులు' అను వాక్యము మాత్రము నిషిద్ధము! ఒక్క దినమును గూర్చి, ఒక్క బల్లను గూర్చి, అర్థము కాని ఒక్క పాఠమును గూర్చి వ్రాయుమనిన చాలును. ఆ కాగితములను కుట్టి గ్రంథాలయపు బీరువాలో భద్రపరచవలెను. అందులో ఉపాధ్యాయులకు చేదైన మాటలు కొన్ని ఉండక తప్పదు. వాటిని చింపివేయు హక్కు ప్రధానోపాధ్యాయునికైనను ఉండరాదు.

2022 తరగతికి ఆ ఫిబ్రవరి దాటిపోయినది గాని వారింకను అందుబాటులోనే ఉన్నారు. ఆ యేట గట్టెక్కి చదువు సాగించినవారు 2024లో ఇంటర్మీడియట్ ముగించిరి; వారిని కళాశాలలలో కలిసికొనవచ్చును. తప్పినవారిని వెదకవలెను. అచ్యుతాపురము వస్త్ర కర్మాగారములకు ఈ ప్రాంతపు గ్రామములనుండి వేకువనే బస్సులలో బయలుదేరు యువతులలోను, రహదారి ప్రక్కన మోటారు మరమ్మతు చేయు కుర్రవారిలోను ఆ తరగతివారుందురు. వీడ్కోలు సభనాడు వీరిలో ఎవరిచేతను ప్రసంగము చదివింపలేదు. మొదట అడుగవలసినది వీరినే.