పైబలము - లోబలము

మోటారు యంత్రములయందు మిక్కిలి మక్కువ గల మా పై తరగతుల బాలురు కొందఱు, పాత కారు యంత్రమును కొంచెము సవరించి దానికి సూపర్‌ఛార్జరును తగిలించినచో నది పందెపుబండి యగునని తఱచుగా వాదించుచుందురు. ఈ వాదమునందలి సత్యమును విచారించుట యుక్తమని తలఁచి, మా యభిప్రాయమును చదువరులకు మనవి చేయుచున్నాము.

సూపర్‌ఛార్జరనఁగా గాలిని సిలిండర్లలోనికి బలవంతముగా నెట్టు పంపు. సామాన్యయంత్రము, పిస్టను క్రిందికి దిగునపుడు పీల్చుకొనఁగలిగినంత గాలినే గ్రహించును. ఈ పంపు గాలిని అదిమి పంపుటచేత, దానికిఁ దగినంత పెట్రోలును గూడ మండించి, అదే పరిమాణము గల యంత్రము నుండి యెక్కువ శక్తిని రాఁబట్టవచ్చును. కాని పంపును త్రిప్పు శక్తి యా యంత్రమే యీయవలెను. అదిమిన గాలి వేడెక్కును. సిలిండర్లలో నొత్తిడి హెచ్చును. మిశ్రమ మకాలమున మండి పిస్టనులను చెఱుపవచ్చును. బేరింగులపై భారము పెరుగును.

ఇందుకు ఇంగ్లండు దేశపు బెంట్లీ కారు కథయే దృష్టాంతము. 4.5 లీటర్ల బెంట్లీ యంత్రపు శక్తి దాదాపు 110 గుఱ్ఱములు. టిమ్ బిర్కిను అను పందెగాఁడు 1929లో దానికి ఆంహర్స్టు విలియర్సు నిర్మించిన సూపర్‌ఛార్జరును పెట్టించెను. మామూలు బండ్లలో శక్తి 175కును, పందెపుబండ్లలో సుమారు 240కిని పెరిగెను. బండిని నిర్మించిన డబ్ల్యు. ఓ. బెంట్లీ దీని కంగీకరింపలేదు. బలము కావలెనన్న యంత్రమునే పెద్దది చేయవలెనని యాయన మతము.

1930లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెములో నీ రెండు పద్ధతులును పరీక్షకు నిలిచినవి. సూపర్‌ఛార్జరు గల రెండు బండ్లును 24 గంటలు పూర్తి కాకమునుపే నిలిచిపోయినవి. 6.5 లీటర్ల పెద్ద యంత్రము గల బెంట్లీలు మొదటి రెండు స్థానములను గైకొనినవి.

బిర్కిను సాహసమును మేము తక్కువ చేయుట లేదు. ఆ యేఁటనే పో పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండు ప్రీలో నాతఁడు రెండవవాఁడుగా వచ్చెను; 1932లో బ్రూక్లండ్సులో గంటకు 137.96 మైళ్ళ వేగముతో నొక చుట్టు తిరిగెను. కొలఁది నిమిషముల వేగమునకుఁ బైబలము చాలును. పగలును రేయియు నోర్చుటకు లోబలమే కావలెను.

కావున యంత్రమునకుఁ బంపు తగిలింపఁగోరువారు ముందుగా గట్టి పిస్టనులను, చాలినంత చల్లదనమును, సరియైన ఇంధనమును, మంచి బ్రేకులను సమకూర్చుకొనవలెనని మా మతము. పంపు కడపటి పని గాని మొదటి పని కాదు.

తలిదండ్రులకును మాదొక విన్నపము. ఏఁడాది పొడవునఁ జదువని బాలుని తలపై, పరీక్షలు దగ్గఱపడఁగనే ఇద్దఱు ముగ్గురు ఉపాధ్యాయుల నొక్కసారిగా మోపుట యిట్టిదే. మార్కులు కొన్ని పెరుగవచ్చును. బాలుఁడు మాత్ర మలసిపోవును. ఇసుకమీఁది యింటి కంతస్తు పెంచుటకంటెఁ బునాది త్రవ్వుటయే మేలు.