అవ్వా, తాతా! ఈసారి ప్రశ్నలు మీరే చెప్పండి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పెద్దలకు, వాళ్ల బిడ్డలకు, సచివాలయ సిబ్బందికి విన్నపం.

ముసలివాళ్ల బతుకు మీద లెక్కలు తీసేవాళ్లు వస్తుంటారు. వయసెంత, పింఛను వస్తోందా, బీపీ ఉందా అని అడిగి రాసుకుపోతారు. దేశంలోకెల్లా పెద్ద వృద్ధాప్య సర్వే 'లాసి' 2017-18లో 72 వేల మందికి పైగా జనాన్ని పలకరించింది. మంచి పనే. కానీ అది రాష్ట్రాల వారీగా లెక్క తేల్చిన సర్వే. అందులో మన నార్పల కనబడదు, కంబదూరు కనబడదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అదీ తప్పి చెనిక్కాయ పోతే కొడుకూ కోడలూ బెంగళూరికి వలసపోతారు. మనవళ్లను సాకేది డెబ్బై ఏళ్ల అవ్వ. ఆమెను పట్టుకుని "ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నావు?" అని అడగడమే తప్పు. ఆ ఇల్లు నిలబడింది ఆమె మీద! కలుపు తీసి, కాయ ఒలిచి వేలిగీతలు అరిగిపోయినవాళ్ల ముద్ర యంత్రం ఒప్పుకోకపోతే ఏం చేస్తున్నారు? రాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేది ఎవరు? ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు బిగుసుకున్నవాళ్లు మీ వీధిలో ఎందరు? ఈ ప్రశ్నలు ఊరి పెద్దలకే తడతాయి.

చదువు రానివాళ్లు లెక్కలేం చూస్తారు అనేవాళ్లకు మన జిల్లాయే జవాబు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాదే ఇక్కడ సామాజిక తనిఖీ జరిగింది. ఊరి నడుమ మస్టరు పైకి చదివితే, ఎవరు పనికొచ్చిందీ, ఎవరి పేరున దొంగ సంతకం పడిందీ తేల్చేది అక్షరం రాని కూలీలే. వృద్ధుల సర్వేలకూ అదే పద్ధతి కావాలి.

2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటికొచ్చి ఇస్తున్నారు. అందుకోసం గడపదాకా రాగలిగినవాళ్లు పెద్దల మాట రాసుకోవడానికీ రాగలరు.

వచ్చే గ్రామసభకు పెద్దలంతా కదలిరండి! నడవలేనివాళ్లను పిల్లలు ఆటోలో తీసుకురండి. మంచం దిగలేనివాళ్ల దగ్గరికి యువకులు పోయి, వాళ్ల మాట రాసుకురండి. ఊరికి ఐదారుగురు పెద్దలను ఎన్నుకోండి. అందులో సగం ఆడవాళ్లుండాలి, ఒంటరివాళ్లు, ఎస్సీ కాలనీవాళ్లు, తండావాళ్లు తప్పక ఉండాలి. ఏ సర్వే వచ్చినా ముందు ప్రశ్నలు వాళ్లకు చదివి వినిపించాలి. తేలిందేమిటో ఊళ్లోకొచ్చి చెప్పాలి, తర్వాతే జిల్లాకు పంపాలి. చెప్పడం ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టకూడదు.

ఇదంతా తీర్మానంగా రాయించి సంతకమో వేలిముద్రో వేయండి. పంచాయతీ కార్యదర్శి దగ్గర నకలు అడిగి తీసుకోండి.